వీధి ఊడ్చే చప్పుడు

"ఊచ విరగలేదు నాన్నా, కాస్త వదులైందంతే" అని చిన్మయి అప్పటికి మూడోసారి చెప్పింది.

"జూలై నెలలో, కలకత్తాలో, వదులు గొడుగు పట్టుకుని ఎవడైనా ఆఫీసుకి బయల్దేరతాడా?" సోమశేఖర్ గొడుగు తెరిచి, ఓ పక్కకి వేలాడుతున్న దాని రెక్కని భార్యకి చూపించాడు. "చూడు భానూ. ఈ ఊరొచ్చిన కొత్తలో కొన్నాను. నాలుగు వానాకాలాలు తట్టుకుంది. నీ కూతురికి రెండు రోజులు తట్టుకోలేకపోయింది."

"మొన్న నా కార్న్‌ఫ్లోర్ డబ్బా ఖాళీ అయినప్పుడు నేనేమైనా అన్నానా?" అంది భానుమతి, స్టవ్వు మీద పాలు చూసుకుంటూ. "గుడ్డ సంచిలో పోసి పిసికింది. డార్జిలింగులో మంచు మీద ఎవరో నడిచినట్టు వస్తుందిట."

"దానికంటే ములక్కాడలు నయం" అన్నాడు సాకేత్ ఇడ్లీ నములుతూనే. ఇంజినీరింగు రెండో ఏడాదిలో ఉన్న ఆ పిల్లాడికి అక్కని ఏడిపించనిదే పొద్దున్న తెల్లారదు. "విలన్ వేళ్ళు విరిచే సీనుట నాన్నా. పటపటా విరిచింది. ఆ వేళ్ళే మనం రాత్రి సాంబారులో తిన్నాం."

"మరి నా గొడుగుతో ఏం విరిచావే?"

"విరవలేదు. పావురాల్ని ఎగరేశాను."

పోయిన వారం మనం చిన్మయిని టాలీగంజ్‌లో ఒక పాత మేడ మెట్ల మీద, ఏడుపు ఆపుకుంటూ కూర్చుని ఉండగా వదిలి వచ్చాం. మూడేళ్ళు న్యూ టౌన్‌లో ఫోన్ ఆటలకి వెనక కనబడే కొండలూ, కోటలూ, అడవులూ గీసిన పిల్ల. ఎనిమిది నెలల కిందట ఆ కొండల్ని కంప్యూటరే నిమిషంలో గీసేస్తోందని చెప్పి చిన్మయితో సహా పన్నెండు మందిని ఇంటికి పంపేశారు. ఆ తర్వాత ఏ ఇంటర్వ్యూకి వెళ్ళినా ఒకటే ప్రశ్న. బొమ్మలు సరే, ఇంకేం వచ్చు? వీడియో కోతలూ కూర్పులూ నేర్చుకుంది. బొమ్మల్ని కదిలించడం నేర్చుకుంది. తను నేర్చుకుని వచ్చేసరికి అవే నేర్చుకున్నవాళ్ళు రెండు వందల మంది వరసలో ఉన్నారు. చివరికి, నలభై ఏళ్ళుగా సినిమాలకి చప్పుళ్ళు పుట్టిస్తున్న, అందరూ బెంగాలీలో 'దా', అంటే అన్నా అని పిలిచే హారూ దా దగ్గరికి వెళ్ళింది. ఆయనకి ఒక్క అసిస్టెంటు కావాలి. పరీక్ష ఆరు నిమిషాల దృశ్యం. తెల్లవారుఝామున ఒక ఆడమనిషి వీధి ఊడుస్తూ ఉంటుంది, మాటలేమీ ఉండవు. షూటింగులో తీసుకున్న చప్పుడు నిండా కాకులూ, బస్సులూ. అందుకని తెర మీద ఆమె వేసే ప్రతి ఊడుపుకీ చప్పుడు కొత్తగా పుట్టించాలి. చిన్మయి తమ మేడ మీద ఊడ్చి, రికార్డు చేసి పట్టుకెళ్ళింది. హారూ దా కళ్ళు మూసుకుని విని ఒక్క మాట అన్నాడు. "ఇది ఇల్లమ్మా. వీధి కాదు." ఇంకో నెలన్నర గడువిచ్చి పంపేశాడు.

ఈలోగా సోమశేఖర్ స్నేహితుణ్ణి పట్టుకుని, న్యూ టౌన్‌లోనే ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగం మాట్లాడాడు. చేరతావో లేదో ఇవాళ సాయంత్రంలోగా చెప్పమన్నారు. ఈ ఉదయం గొడుగు మీద నడుస్తున్న గొడవ నిజానికి దాని గురించే.

"కళ్ళు మూసుకోండి నాన్నా" అంది చిన్మయి.

"తొమ్మిదిన్నరకి బ్రాంచిలో ఉండాలి నేను."

"ఒక్క నిమిషం."

సోమశేఖర్ విసుగ్గానే మూసుకున్నాడు. చిన్మయి గొడుగు తీసుకుని ఆయన వెనక నిలబడింది. దాన్ని సగం తెరిచి, మూసి, మళ్ళీ సగం తెరిచి, వేగం పెంచుతూ పోయింది. చెవి పక్కన మొదలుపెట్టి, చేతులు పైకెత్తుతూ, వెనక్కి నడుస్తూ హాలు చివరికి వెళ్ళింది. భానుమతి కళ్ళు మూసుకోలేదు. గొడుగుని చూస్తూనే ఉంది. అయినా ఏదో పెద్ద గుంపు చూరు మీంచి ఒక్కసారిగా లేచి, ఇంటి పైనుంచి తిరిగి, దూరంగా వెళ్ళి వాలినట్టే అనిపించింది.

సోమశేఖర్ తల పైకెత్తి ఉంది. మూసిన కళ్ళతో సీలింగు వైపు, అవి వెళ్ళిన దిక్కుకే తిప్పి ఉంది.

"ఎన్ని ఉన్నాయి?" అన్నాడు సాకేత్ నవ్వుతూ.

"చాలా" అన్నాడాయన నెమ్మదిగా. తర్వాత కళ్ళు తెరిచి, తను ఏమన్నాడో తనే విన్నట్టు సర్దుకున్నాడు. "బాగుంది. నిజంగా బాగుందమ్మా. కానీ ఎన్నాళ్ళు? రేపు దీన్ని కూడా కంప్యూటర్ చేసేస్తుంది. ఇలాంటి చప్పుళ్ళు వేలకి వేలు రెడీమేడ్‌గా దొరుకుతున్నాయని నువ్వే అన్నావు."

"దొరుకుతాయి. చీపురు చప్పుడు కూడా దొరుకుతుంది. అది ఏ దేశం ఫుట్‌పాతో. ఇక్కడివాళ్ళు వింటే అబద్ధమని తెలిసిపోతుందంటాడు హారూ దా."

"నువ్వు చేసిందీ అబద్ధమనే కదా అన్నాడు."

సోమశేఖర్ టిఫిన్ క్యారేజీ తీసుకుని, వదులు గొడుగే పట్టుకుని దిగిపోయాడు. "సాయంత్రంలోగా" అన్నాడు మెట్ల మీంచి.

భానుమతి కూతురి ముందు కాఫీ పెట్టి కూర్చుంది. "నాలుగు రోజులుగా చీకటితో లేచి బాల్కనీలో ఏం చేస్తున్నావు?"

"రికార్డింగు. ఢాకురియా వంతెన దగ్గరా, జోధ్‌పూర్ పార్కులో కూడా చేశాను. వందసార్లు విన్నాను. అలాగే చేద్దామని చూస్తే రావట్లేదమ్మా. ఏం తప్పు చేస్తున్నానో తెలియట్లేదు."

"మన వీధి ఊడ్చేది సింహాచలమ్మ కదా. అడిగావా?"

చిన్మయి తల్లి వైపు చూసింది. నాలుగు రోజులు మూడో అంతస్తులోంచి మైకు కిందికి వేలాడదీసిందే కానీ, మెట్లు దిగి ఆ మనిషితో మాట్లాడాలని తోచలేదు. భానుమతికి నవ్వూ వచ్చింది, వెంటనే సిగ్గూ వేసింది. ఈ బ్యాంకు ఆఫీసర్ల క్వార్టర్లకి వచ్చి నాలుగేళ్ళు. రోజూ డికాక్షన్ దిగే వేళకి కింద ఆ చప్పుడు ఉంటుంది. చేతిబండివాణ్ణి తెలుగులో తిడుతుంటే విని, ఈవిడ మన మనిషేనని తెలుసుకుంది. పండక్కి చీర ఇచ్చింది. అంతకుమించి తనకీ ఏమీ తెలియదు.

తల్లీకూతుళ్ళు చెట్లా అనే పేటలో ఆమె ఉండే కార్పొరేషన్ క్వార్టర్లకి చేరేసరికి సాయంత్రం అయిదయింది. వాన వెలిసింది. సింహాచలమ్మ గుమ్మంలో పీట వేసుకుని ఉల్లిపాయలు తరుగుతోంది. యాభై ఏడేళ్ళ మనిషి, బక్కపలచగా, నిటారుగా ఉంటుంది. వీళ్ళని చూసి కత్తిపీట పక్కకి నెట్టి లేవబోయింది.

"ఏటమ్మా, మీరొచ్చీసినారేటి ఇంత దూరం? సెత్త బండి రాలేదేటి ఇయ్యాల?"

"కంప్లైంటు కాదు సింహాచలమ్మా, కూర్చో. మా అమ్మాయికి నీతో పనుంది."

"నాతోటేటి పని పాపకి?"

చిన్మయి గడప మీదే కూర్చుని చెప్పింది. సినిమా అంటే నవ్వింది సింహాచలమ్మ. ఊడ్చే చప్పుడు నేర్పాలంటే ఇంకా నవ్వింది. "ఊడిసీదానికి సప్పుడేటమ్మా. ఊడిస్తే అదే వస్తాది."

"రావట్లేదు సింహాచలమ్మగారూ. వినండి" అని చిన్మయి చిన్న స్పీకరు గడప మీద పెట్టి, తన మేడ మీది రికార్డింగు వినిపించింది.

మళ్ళీ ఉల్లిపాయ అందుకున్న సింహాచలమ్మ చెయ్యి కత్తిపీట మీద ఆగింది.

"ఎవులూడిసినారిది?"

"నేనే."

"ఒంగి ఊడిసినావు."

చిన్మయి తల్లి వైపు చూసింది. "ఎలా తెలిసింది?"

"ఊడుపు పొట్టిగున్నాది కదేటి. ఒంగినోల సెయ్యి అంతవరకే ఎల్తాది. ఇల్లూడిసినట్టు ఊడిసినావు. మాది కర్ర సీపురు. నిలబడి ఊడుస్తాం, నడుం తిరగాల." మళ్ళీ చెవి ఒగ్గింది. "ఇంకోటి సెప్పనా? నేల మీద ఏటీ లేదు. ఆకు లేదు, ఇసక లేదు. ఒట్టి గచ్చు ఊడిసినావు. తియ్యడానికేటీ లేకపోతే సీపురుకి పనేటి?"

హారూ దా ఒక్క ముక్కలో తీసేసినదానికి కారణం ఇదన్నమాట. చిన్మయి పుస్తకం తీసి రాసుకుంటూ, తెల్లవారుఝామున చేసిన రికార్డింగులు ఒక్కొక్కటే పెట్టింది.

"ఇది రాణి" అంది సింహాచలమ్మ, పట్టుమని పది క్షణాలైనా వినకుండానే. "ఢాకురియా బిర్జి కింద. ఎడం సెయ్యి వాటం దానిది. సెత్త ఎటేపు ఎల్తందో సూడు."

స్పీకర్లోంచి చెత్త ఎటు వెళుతోందో భానుమతికి తెలియలేదు. ఆవిడకి మాత్రం కనబడుతున్నట్టుంది.

"ఇది అప్పలలక్ష్మి. పాపం మోకాలు నొప్పి. మూడూడుపులు ఊడిసి, కర్ర మీద వాలీసి ఆగుతాది. ఇను." తరిగిన ఉల్లిపాయ పట్టుకున్న చెయ్యి గాలిలో లేచింది. ఒకటి. రెండు. మూడు. చెయ్యి ఆగింది. సరిగ్గా అప్పుడే స్పీకర్లో చప్పుడూ ఆగింది. ఎక్కడో ఒక కాకి అరిచింది. చెయ్యి మళ్ళీ కదిలింది, చప్పుడూ కదిలింది. "ఆ రేత్రి వానొచ్చినాది. ఆకు నేలకంటుకుపోయింది. అందుకే ఒకే సోట రెండు పాల్లు గీకతంది."

భానుమతి ఎన్నో కచేరీలకి వెళ్ళింది. రాగం ఎత్తుకోగానే పేరు చెప్పేసేవాళ్ళ పక్కన కూర్చుని, అబ్బ, ఎంత విద్వత్తు అనుకుంది. అలాంటి చెవులున్న మనిషి నాలుగేళ్ళుగా తన కిటికీ కిందే ఉంది.

చిన్మయి రాయడం మానేసింది. నోరు కొంచెం తెరుచుకుని, చిన్నప్పుడు మొదటిసారి సముద్రాన్ని చూసినప్పటిలాగే ఉంది మొహం. ఇంకో రికార్డింగు నొక్కింది.

పొడుగాటి ఊడుపు. చివర్లో చిన్న విదిలింపు. మళ్ళీ పొడుగాటి ఊడుపు. తొందర లేదు, అలసట లేదు. అది అయిపోయేదాకా సింహాచలమ్మ కదలకుండా విని, "మల్లీ ఎయ్యి" అంది.

రెండోసారి కూడా అయ్యాక, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఉల్లిపాయ" అంది. తర్వాత, "ఇది నానే కదేటి?"

"అవునండి. మా బాల్కనీ నుంచి."

"నా సప్పుడు నానెప్పుడూ ఇన్లేదు. ఊడుస్తుంటే ఏటినిపిస్తాది?" స్పీకరుని వేలితో తాకింది, అది వేడిగా ఉంటుందేమోనన్నట్టు. "మా యమ్మ పోయి ఇరవయ్యేల్లు. ఈ పని ఆవిడదే, తరవాత నాకొచ్చినాది. నన్ను మెట్టు మీద పండబెట్టి ఊడిసీది. అప్పుడిన్న సప్పుడు ఇదే. ఆ సివర ఇదిలింపు సూడు. అది మా యమ్మదమ్మా. నా సేతిలో ఉందని నాకు తెల్దు."

లోపల కుక్కరు కూత వేసింది.

సింహాచలమ్మే లేచింది. మూల నిలబెట్టిన పొడుగు కర్ర చీపురు తీసుకుని, "రా" అంటూ వీధిలోకి దిగింది. వాన నీరు ఓ పక్కకి పోయి, మధ్యలో నేల తడిపొడిగా ఉంది. రాలిన ఆకులూ, ఇసకా, టీ కొట్టు ముందు పగిలిన మట్టికప్పుల పెంకులూ పరుచుకుని ఉన్నాయి.

రోజూ విన్నదాన్ని భానుమతి ఆ సాయంత్రం మొదటిసారి చూసింది. ఊడుపు చేతుల్లోంచి రాలేదు. మడమ దగ్గర మొదలై, నడుము తిరిగి, భుజం మీదుగా కర్రలోకి దిగింది. చీపురు నేలని గీకలేదు, దువ్వింది. ముందు పెంకులు గలగలమంటూ దొర్లాయి, వాటి వెనక ఆకులు గరగరమన్నాయి, అన్నిటికీ వెనక ఇసక సన్నగా, ఊపిరి పీల్చినట్టు. ఒక్క ఊడుపులో మూడు చప్పుళ్ళు, ఒకదాని వెనక ఒకటి. కాలవ అంచు దగ్గర మణికట్టు చిన్నగా విదిలింది. ఆమె దాటి వెళ్ళిన మేర నల్లటి నేల తల దువ్వుకున్నట్టు గీతలతో మిగిలింది.

తర్వాత చిన్మయి పట్టుకుంది. నాలుగు ఊడుపులకి ఆకులు ముందుకి పోకుండా తన కాళ్ళ మీదికే వచ్చాయి. కుళాయి దగ్గర బిందెలు పట్టుకున్న ఆడవాళ్ళు ఆగి చూశారు.

"ఏటే సింహాచలం, కొత్త మనిసిని పెట్టీసినావేటి? దానికి సీపురు మోయడమే రాలేదు."

"నీకు మాత్రం పుట్టగానే వచ్చీసిందేటి? నీల్లు పట్టుకో" అంది సింహాచలమ్మ. చిన్మయి వెనక నిలబడి, నడుము రెండు చేతులతోనూ పట్టుకుని తిప్పింది. "సేతుల్తో కాదు. ఇక్కడ్నించి. మల్లీ."

పావుగంటకి చిన్మయి చొక్కా చెమటతో ముద్దయింది. ఒకే ఒక్కసారి, ఎలా వచ్చిందో తెలియకుండా, పొడుగ్గా, మూడు చప్పుళ్ళతో ఒక ఊడుపు వచ్చింది. తనే ఉలిక్కిపడి ఆగిపోయింది. మళ్ళీ ప్రయత్నిస్తే రాలేదు.

"నాలుగు రోజుల్లో రాదు పాపా. నాకూ నెల పట్టినాది. మా యమ్మ ఎనకాల నడిసినాను. ఆకుది ఒక తీరు, ఇసకది ఒక తీరు, దుర్గా పూజ తెల్లారి వీధి ఇంకో తీరు. రోజూ ఒకేనాగుండదు."

భానుమతి టాక్సీ మాట్లాడి వెనక్కి తిరిగేసరికి చిన్మయి ఆమెని ఏదో అడుగుతోంది. సింహాచలమ్మ నవ్వడం దూరం నుంచే కనిపించింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. చిన్మయి మొహంలోకి చూసి, తల అడ్డంగా ఊపింది. చిన్మయి మళ్ళీ ఏదో అంది. ఈసారి ఆవిడ చాలాసేపు ఆలోచించి, నిలువుగా ఊపింది.

"ఏమడిగావు?" అంది భానుమతి టాక్సీలో.

"ఇంట్లో చెప్తానమ్మా. అందరూ ఉన్నప్పుడు."

సోమశేఖర్ అప్పటికే వచ్చి ఉన్నాడు. ఎనిమిదింటికి నలుగురూ భోజనానికి కూర్చున్నారు. దొండకాయ వేపుడూ, చారూ. భానుమతి సింహాచలమ్మ గురించి చెప్పడం మొదలుపెట్టి ఆపలేకపోయింది. చప్పుడు విని మనిషి పేరు చెప్పడం, అప్పలలక్ష్మి మోకాలు, ఆ గాలిలో ఆగిన చెయ్యి. సాకేత్ ఒక్క జోకు కూడా వెయ్యకుండా విన్నాడు.

"స్పీకర్లో విని, రాత్రి వాన పడిందని చెప్పిందా?" అన్నాడు సోమశేఖర్.

"చెప్పింది."

"నిజంగానే పడిందా ఆ రాత్రి?"

"పడింది నాన్నా" అన్నాడు సాకేత్. "నా బట్టలు తడిశాయి."

సోమశేఖర్ తల పంకించాడు. ఉదయం సీలింగు వైపు చూసినప్పటి మొహమే మళ్ళీ క్షణంసేపు వచ్చి వెళ్ళింది. అంతలో కూతురి కంచం వైపు చూశాడు. "చారన్నం చెంచాతో తింటున్నావేం?"

చిన్మయి చెంచా కింద పెట్టి, అరచెయ్యి తిప్పి చూపించింది. బొటనవేలి మొదట్లో రెండు బొబ్బలు, ఒకటి చిట్లింది.

"పావుగంటకే" అన్నాడాయన. గొంతులో కోపం లేదు. "దీనికా నువ్వు చదువుకుంది? ఇన్సూరెన్సు వాళ్ళు రెండుసార్లు ఫోన్ చేశారు. ఏమని చెప్పను?"

"టాక్సీలోనే వాళ్ళకి రాసేశాను నాన్నా. చేరడం లేదని."

భానుమతి గరిటె చారులో ఆగింది. అది తనకీ తెలియదు.

"హారూ దా ఇచ్చిన గడువు ఇంకా నెల ఉంది. ఆవిడకి పట్టిందీ నెలే" అంది చిన్మయి. ముందే కూర్చుకున్న మాటల్లా లేవు. అయినా తడబడలేదు. "బొమ్మలు కూర్చుని నేర్చుకున్నాను, కంప్యూటర్ ముందు. ఇది అలా రాదు. ఒంట్లోకి రావాలి. ఆవిడ మొదట వద్దంది. మీ నాన్నగారు ఏమంటారో అంది. తర్వాత, వస్తే రోజూ రావాలి, వానొచ్చినా రావాలి అని ఒప్పుకుంది."

"ఎక్కడికి రావాలి?" అన్నాడు సోమశేఖర్.

తమ క్వార్టర్లలో మూడు బ్లాకులు, పద్దెనిమిది బ్యాంకు కుటుంబాలు. పొద్దున్నే బాల్కనీల్లో కాఫీ కప్పులతో నిలబడే మేనేజర్లూ, వాళ్ళ భార్యలూ. భానుమతికి జవాబు ముందే తెలిసిపోయింది. భర్త మొహం చూడలేక కూతురి చేతి వైపే చూస్తూ ఉండిపోయింది.

"రేపటి నుంచి నెల రోజులు, తెల్లవారుఝామున నాలుగున్నరకి, సింహాచలమ్మగారి వెనక చీపురు పట్టుకుని నడుస్తాను నాన్నా" అంది చిన్మయి మెల్లగా. "ఆవిడ పని మొదలుపెట్టేది మన గేటు ముందు నుంచే."